నాలుగు బకెట్ల నీళ్ళు

"ఆ పంపు కట్టెయ్ అమ్మాయ్!"

కింద వాటాలోంచి కేక. పై వాటాలో ఉమాశ్రీ చెయ్యి దానంతటదే పంపు మీదికి పోయింది. గ్లాసు కడుక్కోవడానికి తిప్పింది, అంతే. ఆ సన్నటి ధార చప్పుడు కింది దాకా ఎలా వినిపిస్తుందో ఏమో! బాలాత్రిపురసుందరి గారివి చెవులా, ఇంకేమన్నానా?

1998 ఎండాకాలం. మాదాపూర్‌లో బోర్లన్నీ చేతులెత్తేశాయి. హైటెక్ సిటీ కడుతున్న వైపు నీళ్ళ ట్యాంకర్లు బారులు తీరి పోతుంటాయి. వారానికోసారి ఒక ట్యాంకరు ఈ గేటు దగ్గర ఆగి సంపు నింపుతుంది. బిల్లు రెండు వాటాలకీ చెరి సగం. ఆ బిల్లు తగ్గించే భారం సుందరి గారు తన నెత్తిన వేసుకున్నారు. మోటారు గది తాళం ఆవిడ కొంగునే ఉంటుంది. రోజుకి పది నిమిషాలు మోటారు వేస్తారు. ఆ పైన దేవుడు దిగొచ్చినా వెయ్యరు.

బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకూడదు, కరివేపాకు మొక్కకి పొయ్యాలి. బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూములోకి దాచాలి. ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెట్టించారు. మనిషికి ఒక్క బకెట్టే స్నానం. మొదట్లో ఉమాశ్రీకీ బాగానే ఉందనిపించింది. నిజం చెప్పొద్దూ, బిల్లు సగానికి సగం తగ్గింది. కానీ ఇప్పుడు దాహమేసి బిందెలో గ్లాసు ముంచాలన్నా దొంగతనం చేస్తున్నట్టుంది. ఇంట్లో ఉన్నట్టు లేదు, జైల్లో ఉన్నట్టుంది.

సుందరి గారి భర్త రామ్మోహనరావు గారు ఉమాశ్రీ మొగుడు ఉదయ్ భాస్కర్‌కి ఆఫీసులో పై అధికారి. ఆయనా మనమూ ఒకే గేటు లోపల ఉంటే నాలుగు విధాలా మంచిదని ఉదయ్ భాస్కరే ఏరి కోరి ఈ ఏర్పాటు చేశాడు. ఆ రోజు మిఠాయి కూడా పట్టుకొచ్చాడు. అది తలుచుకుంటే ఉమాశ్రీకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కొచ్చిపడింది. ఐదేళ్ళ రసజ్ఞకి ఆటలమ్మ పోసి పదకొండో రోజు. పొక్కులు మాడాయి. రేపు పొద్దున్నే వేపాకు వేసి కాచిన నీళ్ళు తల మీంచి పొయ్యాలి. పక్కబట్టలు ఉతకాలి, ఇల్లు కడగాలి. అప్పటిదాకా పిల్ల మంచం దిగకూడదు.

"దురదమ్మా... రేపు నీళ్ళు పోస్తావా?" గంటకోసారి అదే ప్రశ్న.

"పోస్తాను బంగారూ, బోలెడు పోస్తాను" అంది ఉమాశ్రీ. అనైతే అంది గానీ, వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఎంత లేదన్నా నాలుగు బకెట్లు ఎక్కువ కావాలి.

"మీరోసారి ఆయన్ని అడగండి" అంది మొగుడితో.

"నేనా? బాగుంది! నేను ఏడాదంతా ఎలా పనిచేశానో ఆయన ఈ నెలే రిపోర్టు రాస్తారు. నా ప్రమోషన్ దాని మీదే ఉంది. నీళ్ళ దగ్గర ఆవిడకి కోపం తెప్పిస్తే నా పని గోవిందా!"

"ప్రమోషన్ లేకపోతే పోనిద్దురూ, పిల్ల..."

"అది పోతే నెలనెలా కట్టాల్సింది కట్టలేం, ఈ ఇల్లు కూడా చేజారుతుంది. అన్నీ తెలిసి కూడా అలా మాట్లాడతావేంటే?"

ఉమాశ్రీకి తెలుసు. అతను చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

అంట్లు తోముతున్న కనకమ్మ అంతా వింది. "ఏందమ్మా గిది? గీ ఇంట్ల నువ్వు నీళ్ళకు గిట్ల భయపడుడేంది? నేనైతే పోయి మోటర్ ఏస్త."

"నీకు తెలీదులే కనకమ్మా."

"అంత తెలుసు. జర ధైర్యం చెయ్యి. పిల్ల కంటె ఎక్కువనా ఎవరన్న?"

ఆ మాట సూటిగా తగిలింది. ఉమాశ్రీ రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని మెట్లు దిగింది.

సుందరి గారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. విషయం విని కళ్ళజోడు పైనుంచి చూశారు.

"నాలుగా! మా వైపు వేపకొమ్మ చెంబులో ముంచి నాలుగు చుక్కలు చల్లేవాళ్ళం. ఎన్ని బకెట్లు పోశావని అమ్మవారేం అడగదు."

"పక్కబట్టలు కూడా ఉతకాలండీ."

"ఎండలో పడెయ్. ఎండకి బిల్లు రాదుగా?"

"పసిపిల్లండీ! పదకొండు రోజులుగా ఒంటి మీద చుక్క నీళ్ళు పడలేదు!"

ఇన్నాళ్ళలో ఉమాశ్రీ గొంతు పెంచడం అదే మొదలు. పెంచాక తనకే భయమేసింది.

"ఓహో, గొంతు కూడా లేస్తోందే!" సుందరి గారు లోపలికి తల తిప్పారు. "ఏవండీ, వింటున్నారా? మీ ఉదయ్ భాస్కర్ గారి ఆవిడ నా మీదికి వస్తోంది."

ఇంకా ఆఫీసుకి బయల్దేరని రామ్మోహనరావు గారు లోపల పేపరు మడిచిన చప్పుడైంది. రిపోర్టు, ప్రమోషన్, ఇల్లు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"తప్పయిపోయిందండీ" అంది. "రెండు బకెట్లిచ్చినా సర్దుకుంటాను."

ఆ మాటన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లకి బోలెడు పోస్తానని చెప్పిందే!

"అలా దారికి రా. రెండే, ఇంక అడక్కు." సుందరి గారు లేచి ఉమాశ్రీ చేతే సంపు మూత తీయించి, అంచుకి నాలుగు వేళ్ళ కిందికి వచ్చేలా రెండు బకెట్లూ నింపించారు.

ఉమాశ్రీ బకెట్లు ఎత్తబోతుంటే, రామ్మోహనరావు గారు బయటికొచ్చి ఒక కవరు ఆమె చేతికిస్తూ, "ఇదిగోనమ్మా, మేం మీకివ్వాల్సిన ఈ నెల ఇంటద్దె, ఆ రెండు బకెట్లకీ పది రూపాయలు పట్టుకున్నాను" అన్నారు.