ఫ్యాక్టరీ వాసన

"రజినీ, నా సెలీనియం మందుకు పేటెంటొచ్చింది!" కాలేజీల కెమిస్ట్రీ చెప్పే జాన్సన్ చెప్పులతోనే వంటింట్లకు ఉరికొచ్చిండు.

రజిని పిండి చేతులతోనే మొగన్ని పట్టుకొని గిర్రున తిప్పింది. "ఆరేండ్లు పెరట్ల షెడ్డుల వండితివి! ఆ కుళ్లిన ముల్లంగి వాసనకు నేనెన్ని అబద్ధాలాడిన్నో! ఎవలడిగినా చక్కెర ఫ్యాక్టరీ వాసనన్న. ఇగ నిజం చెప్పొస్త."

గుప్పెడు చక్కెర పట్టుకొని గోడకాడికి ఉరికింది. అవుతల పక్కింటి వసంతమ్మ బట్టలు ఆరేస్తున్నది.

"అక్కా, నోరు తెరువు. మా సారు మందుకు పేటెంటొచ్చింది. ఇన్నేండ్ల సంది ఆ వాసన ఫ్యాక్టరీది గాదు, మాదే. మాఫ్ జెయ్."

వసంతమ్మ చక్కెర చప్పరించింది. "ఎరుకే రజినీ. బోధన్‌ల ఫ్యాక్టరీ బందయి పదేండ్లాయె."

రజిని నవ్వు ఆగింది. "మరి వాడకట్టుల ఒక్కలన్నా అనకపోతిరి?"

"అంటే సారు వండుడు ఆపుతుండె గదా."

రజినికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చినయ్. వసంతమ్మ వంటింటి దిక్కు మెడ సాపి కేకేసింది:

"జాన్సన్ సారూ! రేపు ఫ్యాక్టరీ నడుస్తదా? నడిస్తే బట్టలు ఇంట్ల ఆరేసుకుంట."