పచ్చ లైటు

“అంత గట్టిగా నొక్కకండి బాబాయ్, మామూలుగా పెట్టండి,” అంది విదేశాల్లో పనికి పంపే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి.

తాపీమేస్త్రీ కుడి బొటనవేలు గాజుపలక మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కిందటిసారి ఇదే మెషిను ఎర్రలైటు వెలిగించి ఇంటికి పంపింది. ఏళ్ళ తరబడి సిమెంటులో నాని అతని వేళ్ళ మీద గీతలన్నవే లేకుండా పోయాయి. “కొన్నాళ్ళు సిమెంటు ముట్టుకోకండి, మళ్ళీ వస్తాయి,” అని ఈ అమ్మాయే చెప్పింది.

అప్పట్నుంచి భార్య అతన్ని నీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వలేదు. పూటపూటా వేళ్ళకి నూనె రాసింది. ఇల్లు గడవాలి కదా, తానే తట్టలు మోసింది.

పచ్చలైటు వెలిగింది.

“వచ్చిందే! గీతలొచ్చాయే!” అని గుమ్మంలో నిలబడ్డ భార్యకేసి అరిచాడు.

“అరవకయ్యా, వేళ్ళకి దిష్టి తగుల్తుంది,” అంటూనే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇప్పుడు లోపల గోడ కట్టి చూపించాలి. అయ్యాక ఇటే రండి,” అంది అమ్మాయి. “జాగ్రత్త బాబాయ్, ఇదే ఆఖరు. వచ్చేవారం మీకు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా ఆ దేశం మిమ్మల్ని తీసుకోదు.”

భార్య అతని చేతులకి గ్లౌజులు తొడిగింది. “ఇవి తియ్యకు, నా మీద ఒట్టు. బొటనవేలితో ఇటుకల సందులు పామావంటే ఊరుకోను. అక్కడ దిగాక కూడా వేలు అడుగుతారంట.”

లోపల పరీక్ష పెట్టే పెద్దాయన గ్లౌజు లాగి మేస్త్రీ అరచెయ్యి తిప్పి చూశాడు.

“తాపీ పట్టిన చెయ్యేనా ఇది? అత్తారింట్లో కూర్చుని తినే అల్లుడి చెయ్యిలా ఉందే!”

“కట్టాక చూడండి సార్.”

గ్లౌజు మళ్ళీ తొడుక్కుని కట్టడం మొదలుపెట్టాడు. ఇటుక జారింది. సిమెంటు మాలు ఎంత పడుతోందో వేలికి తెలియడం లేదు. కళ్ళకి గంతలు కట్టి నడిపించినట్టుంది. గోడ నిలువుగా ఉందో లేదో చూడ్డానికి పెద్దాయన దారం కట్టిన తూకం గుండు వదిలాడు. గోడ ఇంత పొట్ట వేసుకుని నిలబడింది.

“ఇది మాకెందుకయ్యా? విప్పి మళ్ళీ కడతావా, ఇంటికెళ్ళి అత్తగారి వంట తింటావా?”

మేస్త్రీ ఇటుకలు విప్పడం మొదలుపెట్టాడు. బయట ఊళ్ళో గోడలన్నీ కాంక్రీటుతో అచ్చుల్లో పోసేస్తున్నారు. ఇటుక పేర్చేవాణ్ణి పిలిచే నాథుడే లేడు. తట్ట మోసి మోసి పక్కకి ఒరిగిపోయిన భార్య మెడ గుర్తొచ్చింది. ఆమె పెట్టిన ఒట్టూ గుర్తొచ్చింది.

గ్లౌజులు పీకి అవతల పారేశాడు.

అంతే, చేతులకి ప్రాణం వచ్చింది. ఇటుక తర్వాత ఇటుక చెప్పినట్టు విని కూర్చుంది. తాపీ ఆగినచోట బొటనవేలు అందుకుంది. పచ్చి మాలు మీద, గరుకు అంచుల మీద ప్రతి సందునీ పాముకుంటూ పోయింది. మంట పుట్టింది. పట్టించుకోలేదు.

పెద్దాయన గుండు వదిలాడు. దారానికీ గోడకీ మధ్య వెంట్రుక దూరదు. ఆయన గోడ చుట్టూ తిరిగి, సందుల మీద చెయ్యి వేసి చూశాడు.

“ఇందాక నోరు జారాను మేస్త్రీ, ఏమనుకోకు. నీలాంటోడి కోసమే వాళ్ళు అక్కడ ఎదురుచూస్తున్నారు. పాస్! పో, ఆ అమ్మాయికి చెప్పు.”

మేస్త్రీ పరుగులాంటి నడకతో బయటికొచ్చాడు. అతని మొహం చూసి భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“పాసయ్యానమ్మా! ఇంక వీసా ఇచ్చేస్తారుగా?”

“ఇచ్చేస్తారు బాబాయ్. ఒక్కసారి వేలు పెట్టండి. మీ బదులు ఇంకొకరు గోడ కట్టలేదని చూసుకోవాలి కదా, రూలు.”

మేస్త్రీ వేలు చూసుకున్నాడు. కొత్తగా వచ్చిన తోలంతా ఉల్లిపొరలా లేచిపోయి ఎర్రగా ఉంది. చొక్కాకి తుడిచి పెట్టాడు. ఎర్రలైటు. భార్య పరుగెత్తుకొచ్చి కొంగు తడిపి తుడిచింది. మళ్ళీ ఎర్రలైటే.

“ఇందాకేగా నన్ను చూశావు తల్లీ! నేనేనమ్మా! నా మొహం చూడు!”

అమ్మాయి తల ఎత్తలేకపోయింది.

“నాకు తెలుసు బాబాయ్. కానీ లోపలికెళ్ళిన మనిషి, గోడ కట్టిన మనిషి ఒకరు కాదంటోంది మెషిను.”