బొడ్రాయి కట్టడి

తెల్లారితే బొడ్రాయి పండుగ. ఏళ్ల తరబడి వాయిదా పడ్డ పండుగ. ఊరివాళ్లు కానివాళ్లంతా పొద్దుగూకే లోపల పొలిమేర దాటాలని పాపిరెడ్డి పటేలు డప్పుతో చాటింపు వేయించాడు.

ఆచారం మామూలుదే. పొలిమేర చుట్టూ పాలు చల్లి కట్టడి చేశాక, ఊరి నడుమ రాయి నిలిచేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. ఆ వేళకు లోపలున్నవాడు ఊరివాడు. బయటున్నవాడు పరాయివాడు. తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

పటేలుకు 'ఊరివాడు' అనే మాటంటే మహా మోజు. చావడి అరుగు మీద కూర్చుంటే చాలు, ముత్తాత తవ్వించిన పద్దెనిమిది మెట్ల బావి, తాత నాటిన మామిడితోట అంటూ ఒకటే ఊదర. చెబుతూ చెబుతూ చెయ్యెత్తి పడమర చూపిస్తాడు. ఎన్నడూ దిగకపోయినా, ఆ బావి మెట్ల లెక్క ఊళ్లో ఐదేళ్ల పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వినీ వినీ మిగతావాళ్లకూ ఆ మోజు తలకెక్కింది.

చాటింపుతో ఊరుకోలేదు పటేలు. కర్ర పట్టుకుని తానే బయల్దేరాడు. ఎల్లారెడ్డి నుంచి వచ్చి బట్టలు కుట్టుకునే యాకూబును ముందు సాగనంపాడు. ఆ తర్వాత ఊరి చివర రూప్లా గుడిసె ముందు ఆగాడు.

రూప్లా లంబాడీ. అరవై ఏళ్లుంటాయి. లోపల కోడలు కమ్లి మూడు రోజుల బాలింత.

"ఇంకా మూట గట్టలేదేందిరా?"

"పచ్చి బాలింత ఉన్నది పటేలా. గుడిసె దాటి బయటికి రాం. గిప్పుడు పోతే మల్ల మమ్ముల రానిస్తరా?"

"రానియ్యం. అందుకే పొమ్మంటున్న."

"నా బొడ్డుపేగు ఈ మట్టిలనే పాతిన్రు. మొన్న నా మనుమనిది గూడ ఈడనే పాతిన."

పటేలు పకపకా నవ్వాడు. "ఎడ్ల మందల నడుమ పుట్టెటోళ్లు మీరు. మీ బొడ్డుపేగు ఏ బాటల పడ్డదో ఎవనికెరుక? మీది మార్వాడ. మీ ఆడోళ్లు పాడుకునేది గదే గదా!"

గడపలో నిలబడ్డ రూప్లా భార్య హీరి ఊరుకోలేదు. "పాట మా అవ్వ నేర్పింది. మార్వాడ ఆమె గూడ సూడలే."

"కండ్ల సూడని ఊరిని తలుసుకొని ఏడ్సుడు! సిగ్గుండాలె."

సిగ్గు సంగతి అలా ఉంచుదాం. పొద్దుగూకే వేళకు రూప్లా, కొడుకు బీమ్లా కలిసి బాలింతను మంచంతో సహా మోసుకుంటూ పొలిమేర దాటారు. పసిగుడ్డును పొత్తిళ్లలో పట్టుకుని వెనక హీరి. ఊరంతా నిలబడి చూసింది. 'అయ్యో' అన్నవాడు ఒక్కడు లేడు. పైగా ఆ గుడిసె జాగా నాదంటే నాదని ఇద్దరు అక్కడే తగువు పడ్డారు.

తెల్లారింది. పొలిమేర చుట్టూ కట్టడి పడింది. కామారెడ్డి నుంచి మొదటిసారి పిలిపించిన అయ్యగారు ఊరి నడుమ తవ్విన గుంత ముందు కూర్చున్నాడు. ఆయనా బయటివాడే. కానీ మంత్రాలు చదివేవాడు కావాలి కదా, ఆయనకు మాఫీ.

మంత్రాలు అయిపోయాయి. రాయి గుంతలోకి దిగింది. అయ్యగారు తలెత్తాడు.

"తొలి పిడికెడు మన్ను ఎవరు వేస్తరు? బొడ్డుపేగు ఈ మట్టిలనే పాతిన మనిషి కావాలె. పెండ్లయి పిల్లలున్నోళ్లే వెయ్యాలె. వేరేటోళ్లు వేస్తే రాయి నిలవదు."

ఎవరూ కదల్లేదు. డప్పు ఆగిపోయింది.

"ఒక్కరు సాలు. మూర్తం దాటిపోతున్నది" అని అయ్యగారు విసుక్కున్నాడు. "ఇంత పెద్ద ఊర్ల ఒక్క మనిషి లేడా? పటేలా, మీరే రాండ్రి."

పటేలు అడుగు ముందుకు వెయ్యలేదు. అలవాటు కొద్దీ పడమర చూశాడు. ఆ తర్వాత తల తిప్పి, పొలిమేర అవతల ఎండలో మంచం దించుకుని కూర్చున్న రూప్లా వైపు చూశాడు.

పడమరనున్న పటేలు వాళ్ల పాత ఊరు నిజాంసాగరు నీళ్లలో మునిగి ఏడేళ్లయింది, ఆనాడు ఊరూరూ తిరిగి వచ్చిన వీళ్లందరినీ ఈ గడ్డ మీద మూటలు దించుకోనిచ్చింది రూప్లానే.