ఎదురు సీటు మనిషి

ఉయ్యూరులో డయానా బస్సెక్కి కూర్చున్నప్పటి నుంచీ, ఎదురు సీటు మనిషి ఆమె వైపే చూస్తూ నోరు తెరుస్తున్నాడు.

చల్లపల్లి నుంచి విజయవాడ వెళ్ళే బస్సు. వన్ టౌన్‌లో బట్టల కొట్లో పనిచేసే డయానా రోజూ ఎక్కేదే. వాన పడుతోందని, డయానా వీపు వెనకదానితో సహా కిటికీల అద్దాలన్నీ వేసేశారు.

అతనికి అరవై ఏళ్ళుంటాయి. నాలుక పైకి మడిచి నోరు సగం తెరుస్తాడు. దవడ ఇటూ అటూ జరుపుతాడు. చొంగ కారితే తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ మొదలుపెడతాడు.

డయానాకు రోత పుట్టింది.

చున్నీ సర్దుకుంది. తల తిప్పుకుంది. మళ్ళీ చూస్తే మళ్ళీ ఆ నాలుకే.

“ఏంటండీ ఆ వేషాలు? మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా?”

బస్సంతా ఇటు తిరిగింది. తనూ ఇందాకటి నుంచీ చూస్తూనే ఉన్నానంది పక్కావిడ. వెనక నుంచి ఎవరో లేచొచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా అతని చెంప మీద చాచి కొట్టాడు.

అతను రెండు చేతులతో దవడ పట్టుకుని వంగిపోయాడు. ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. చొంగా నెత్తురూ కలిసి చొక్కా మీద పడ్డాయి.

డయానాకు జాలి కలగలేదు. రోత ఇంకా పెరిగింది.

కంకిపాడులో అతన్ని వానలోనే దింపేశారు. ఆడపిల్లంటే ఇలా ఉండాలని అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళకి డయానా తల్లి తెరేసమ్మకు దవడ కీలు నొప్పి పట్టుకుంది. ముద్ద నమలలేకపోతుంటే, డయానా ఆమెను విజయవాడలో రాజ్యలక్ష్మి అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

రాజ్యలక్ష్మి గ్లవుజు తొడుక్కుని, నోట్లో వేళ్ళు పెట్టి, బిగిసిన కండను మెల్లగా వదులు చేసింది. తర్వాత వ్యాయామం చూపించింది.

“నాలుక అంగిలికి ఆనించండమ్మా. నోరు సగమే తెరవండి. ఇప్పుడు దవడ ఇటు, ఇప్పుడు అటు. వంకర పోకుండా అద్దంలో చూసుకుంటా చెయ్యాలి. మొదట్లో చొంగ కారుద్ది, సిగ్గుపడకండి.”

డయానాకు బస్సులో ఎదురు సీటు మనిషి గుర్తొచ్చాడు.

ఆ రోజు ఆయన చూస్తున్నది ఆమెను కాదు. ఆమె వెనక, మబ్బు చీకట్లో మెరుస్తున్న కిటికీ అద్దాన్ని.

చల్లపల్లి వైపు నుంచి ఇదే వ్యాయామానికి ఒక పెద్దాయన వచ్చేవారా అని మెల్లగా అడిగింది.

సంజీవరావు గారేనా అంది రాజ్యలక్ష్మి. నోరు కాస్త తెరుచుకుంటోంది అనుకునేసరికి బస్సులో ఆయన్ని ఎవరో కొట్టారట. దవడ మళ్ళీ పట్టేసిందట. ఇక జనంలోకి రానని ఇంట్లోనే గంజి తాగుతూ కూర్చున్నారట. ఫోన్ చేసినా భార్యే మాట్లాడుతోందట.

డయానాకు మళ్ళీ రోత పుట్టింది. ఈసారి తన మీదే.

“అసలాయన దవడకి ఏమైంది మేడమ్?”

రాజ్యలక్ష్మి గ్లవుజు తీసి చెత్తబుట్టలో వేసింది.

“రౌడీ మూక కొట్టిన దెబ్బమ్మా అది. పోయినేడు కాలేజీ పిల్లనొకదాన్ని వాళ్ళు ఏడిపిస్తుంటే బస్సంతా చూస్తా కూర్చుందంట, ఈయనొక్కరే లేచి అడ్డమెళ్ళారంట.”