గోడ సందుకు తడక

"ఏయ్! మేకను ఇడువు!"

నాగులమ్మ చెరుగుతున్న జొన్నలు చేటలోనే వదిలేసి వాకిట్లోకి ఉరికింది.

భుజాన గొంగడి వేసుకున్న మనిషెవడో గుంజకు కట్టిన మేకను ఒడిసిపట్టి, దాని చెవి తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"అక్కా, ఇది నర్సింహన్న ఇల్లే గదా? చెవికి గీ రెండు గాట్లు ఆయన గుర్తేనా?"

"ఆయనదే. ఆయన పోయి మూన్నెల్లాయె. నీకేం గావాలె?"

"ఎరికే అక్కా. అందుకే వచ్చిన. నర్సింహన్నకూ నాకూ ఒక మాటుండె..."

ఆ ముక్క వినగానే ఆమెకు ఒళ్లు మండింది.

మొగుడు పోయిన నాటి నుంచి గడప తొక్కిన ప్రతివాడూ ఇట్లాగే మొదలుపెట్టాడు. విత్తనాలు ఇచ్చానన్నవాడొకడు, ఎద్దు పైసలు సగం ఆగాయన్నవాడొకడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, ఇక్కడ చచ్చినవాడి అప్పులు గంపెడయ్యాయి.

బజారు ముచ్చట ఇంట్లో చెప్పే అలవాటు నర్సింహకు లేదు. ఏది నిజమో ఏది అబద్ధమో ఆమెకు తెలిస్తే గదా! నమ్మి కొందరికి ఇచ్చింది. తీరా ఇచ్చాక తెలిసింది, వాళ్లలో ఒకడు నర్సింహ ముఖమైనా చూడలేదని.

కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. పాత అణాకు కొత్త పైసలెన్నో తెలియని ఆమెను తిరుమలగిరి అంగట్లో ఉల్లిగడ్డలవాడు కూడా ముంచాడు.

షావుకారు బాకీ ఒక్కటే నిజమైన బాకీ. ఉగాదికి కట్టకపోతే బావి కింద మడి రాసివ్వాలి. ఆ మడి పోతే తిండి పోయినట్టే.

"మాటలన్నీ పోయినోనితోనే పోయినయ్. పొయ్యి వల్లకాట్ల అడుగు!"

నర్సింహ తోడబుట్టిన అన్న కాటమయ్య అరుగు మీది నుంచి గొంతు సవరించాడు. "ఏం సంగతిరా? నాతోని చెప్పు."

"మంది ముంగట చెప్పేది గాదు. అక్కతోనే చెప్పాలె."

"చూసినవా నాగులూ! మొగదిక్కు లేని ఇల్లని చాటుకు మాట్లాడుతడట!"

ఆ మనిషి గొంగడి నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు దగ్గాడు. తర్వాత వెళ్లిపోయాడు.

వెళ్లిపోయాడా? లేదు. ఇంటి వెనక్కి తిరిగి, వానకు కూలిన పెరటి గోడ దగ్గర వంగి, జానలు వేసి కొలుస్తున్నాడు!

"బావా, పెరడు గూడ కొలుస్తుండు!"

"జప్తు పెట్టనీకే. ముందుగాల మేక, తర్వాత పెరడు. ఈసారొస్తే గడప తొక్కనియ్యకు."

ఉగాదికి వారం ఉందనగా అతను మళ్లీ వచ్చాడు. ఈసారి నాగులమ్మ తలుపు గడియ పెట్టి, రోకలి చేత పట్టుకొని నిలబడింది.

"అక్కా, జర తలుపు తియ్యి. నీ మేలుకే వచ్చిన."

"నా మేలు కోరెటోళ్లు శానమందైండ్రు. పో!"

"గా పెరటి గోడ గట్ల ఉంటే కష్టమక్కా..."

"నా గోడతోని నీకేం పని దొంగసచ్చినోడా!"

బయట అలికిడి ఆగింది. దగ్గు మాత్రం వీధి చివరి దాకా వినిపించింది. పీడ పోయిందనుకుంది.

ఉగాది నాడు ఊరంతా భక్ష్యాలు తింటుంటే, నాగులమ్మ షావుకారు ఇంట్లో వేలిముద్ర వేసి వచ్చింది. మడి పోయింది.

"పోతే పోయింది, పరువు దక్కింది" అన్నాడు కాటమయ్య.

పరువును వండుకు తినలేం గదా అనుకుంది ఆమె. 

పండుగ పోయాక ఒక పొద్దున వాకిలి నిండా గొర్రెల అరుపులు.

"ఎవలే నువ్వు? మందను నా వాకిట్లకు తోల్తున్నవేంది?"

నెత్తిన కంపతడక మోసుకొచ్చిన ఆడమనిషి దాన్ని కిందికి దించింది. "నర్సింహన్న పెండ్లానివి నువ్వేనా అక్కా? గివి నీయే. చెవులు చూస్కో."

ప్రతి గొర్రె చెవికీ రెండు గాట్లు.

"నర్సింహన్న అంగట్ల గొర్లు కొని మాకు సగపాలుకు ఇచ్చిండు. పుట్టిన పిల్లలల్ల సగం ఆయనకు, సాకినందుకు సగం మాకు. కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు తోలుకపోయి మేపుకొచ్చినం. కాయితం లేదు, సాచ్చెం లేదు. మాటే."

నాగులమ్మ వాకిట్లోనే కూలబడింది. వీటిలో సగం అమ్మినా షావుకారు బాకీ తీరిపోయేది.

"ఉగాది ముందర తెస్తే నా మడి దక్కేది గదనే తల్లీ!"

"ముందే వచ్చిండక్కా మా ఇంటాయన, రెండుసార్లు. అన్నదమ్ముల పాలోళ్ల చెవినవడితే నీకు దక్కనియ్యరని నీతోనే చెప్దామనుకున్నడు. నువ్వు తలుపు తియ్యలేదట."

నాగులమ్మ దిగ్గున లేచి వాకిలి బయటికి చూసింది.

"ఆయనేడి? పిలువు తల్లీ, కాళ్లు మొక్కుత!"

వచ్చిన ఆడమనిషి నెత్తి మీది కొంగు జారింది. నొసట బొట్టు లేదు.

"దగ్గు ముదిరి పాయె. మొన్ననే దినాలు చేసినం. ఎవలకేం ఇయ్యాల్నో నాకు గూడ తెల్వదక్కా, నీ లెక్కనే. పోయేముందు ఒక్కటే చెప్పిండు, ముందుగాల అక్క గొర్లు అక్కకు తోలిరా, తర్వాతనే మన మంద చూస్కో అని. గోడ కూలిన జాగల నుంచి గొర్లు బయటవడ్తయని, మంచంల ఉండి గూడ గీ తడక అల్లిండు."

ఇద్దరాడవాళ్లూ తడకను చెరో కొస పట్టి ఎత్తుకెళ్లి గోడ సందులో నిలబెడితే, నాగులమ్మ కళ్లనీళ్లలో నుంచి చూసింది, అది జానెడు ఎక్కువ లేదు, జానెడు తక్కువ లేదు.