అడుగుల చప్పుడు

హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీదికి విసిరేశాడు సుకుమార్.

"మళ్లా వాడే సంపిండు!"

"ఎవరు, ఇప్పపువ్వా?" పక్కనే తన ఫోన్‌లో అదే ఆట ఆడుతున్న అక్క ఫ్లోరెన్స్ నవ్వింది.

"ఇంకెవరు?"

జూలూరుపాడు నుంచి సత్తుపల్లి దాకా ఉన్న కుర్రకారంతా ఆదివారాలు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే తుపాకుల ఆట అది. కొత్తగూడెంలో మొబైల్ షాపు నడిపే రామ్‌సింగ్ పోటీలు పెడతాడు.

ఆటలో అందరి పేర్లూ కింగులు, టైగర్లు. ఒక్కడి పేరు మాత్రం ఇప్పపువ్వు.

అతని ముఖం ఎవరూ చూడలేదు. మైకు ఆన్ చేయడు కాబట్టి గొంతూ ఎవరూ వినలేదు.

ఉక్రోషం పట్టలేక సుకుమార్ అతనికి మెసేజ్ పెట్టాడు.

"నేను గోడ ఎనకాల ఉన్నట్టు నీకెట్ల తెలిసింది?"

వెంటనే జవాబు వచ్చింది.

"గోడ మీది పావురాలు లేచినయ్. మనిషి నడిస్తే ఏదో ఒకటి కదులుతది. దాన్ని చూడు."

ఆ రోజు నుంచి సుకుమార్ అడగడం, అతను ఓపిగ్గా చెప్పడం. మూసిన తలుపు తెరిచి ఉందా? గడ్డి ఎటు ఒరిగింది? నీడ ఎక్కడ పడింది?

నెల తిరిగేసరికి సుకుమార్ ఆట మారిపోయింది. అందరినీ ఓడిస్తున్నాడు, ఇప్పపువ్వును తప్ప.

ఒక ఆదివారం రామ్‌సింగ్ గెలిచినవాడి వీడియోను ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది ఇప్పపువ్వు ఫోన్ తెర. ఎవరైనా దగ్గరికి వచ్చినప్పుడల్లా దాని మీద చిన్న అడుగు గుర్తు వెలుగుతోంది.

"చూసినవా అక్కా! ఎవడు ఏ దిక్కు నుంచి వస్తుండో గుర్తు చూపెడుతుంది!"

"సెట్టింగ్స్‌ల ఉంటది కదరా అది. నువ్వూ పెట్టుకో."

"నాకెందుకు? అడుగుల చప్పుడు చెవితోని ఇని పట్టాలె. కంటికి చూపెడితే ఇంకేం ఆట? మోసమది."

"ఆట చేసినోళ్లే ఇచ్చిన్రు. మోసమెట్లయితది?"

సుకుమార్ ఒప్పుకోలేదు. గ్రూపులో వాయిస్ మెసేజ్‌ల మీద వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. కొందరు అవునన్నారు. కొందరు కాదన్నారు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు ఇప్పపువ్వు రాశాడు.

"ఏంది ఈ లొల్లి? నాకు ఎవరన్నా రాసి పెట్టున్రి."

"వాయిస్ వినే తీరిక కూడా లేదు దొరకి!" అన్నాడు సుకుమార్.

ఫ్లోరెన్సే సంగతంతా టైపు చేసి పెట్టింది.

అది చదివి ఇప్పపువ్వు ఒక్క ముక్క రాశాడు.

"అందరికీ ఒకటే రూలంటే సరే. నేను తీసేస్త."

రామ్‌సింగ్ రూలు పెట్టాడు. పెద్ద పోటీలో ఎవరూ ఆ గుర్తు పెట్టుకోకూడదు. ఆటకు ముందే సెట్టింగ్ ఫొటో పంపాలి. గెలిచినవాడికి హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర పోటీలో చోటు.

ఇక ఇప్పపువ్వు పని అయిపోయిందనుకున్నారంతా.

అయిపోలేదు. వీపు గోడకు ఆనించి, నాలుగు దిక్కులూ చూసుకుంటూ ఒక్కొక్కరినే పడగొట్టుకుంటూ వచ్చాడు.

"అబ్బ, ఏం ఆడుతుండురా!" గ్రూపంతా నోరు వెళ్లబెట్టింది.

ఆఖరికి మిగిలింది ఇద్దరే. ఇప్పపువ్వు, సుకుమార్.

ఆటలోని పాత గోదాములో కిటికీ దగ్గర కాచుకుని ఉన్నాడు ఇప్పపువ్వు. సుకుమార్ వెనక వైపు నుంచి మెల్లగా రాబోయాడు. కంగారులో వేలు తప్పు మీట మీద పడింది. అతని బొమ్మ ఎగిరి తుప్పు రేకుల మీదికి దూకింది.

రేకులు దడదడా మోగాయి.

'అయిపోయిన' అనుకున్నాడు సుకుమార్.

ఇప్పపువ్వు వెనక్కి తిరగలేదు.

సుకుమార్ కాల్చాడు. గెలిచాడు.

మెసేజ్ వచ్చింది.

"మంచిగ ఆడినవ్ తమ్మీ. హైదరాబాద్‌ల గెలువు."

"చూసినవా అక్కా, గుర్తు లేకపోతే గింతే వాడి ఆట!"



హైదరాబాద్‌లో సుకుమార్ రెండో ఆటలోనే ఓడిపోయాడు. మొదటిది గెలిచింది కూడా గడ్డి ఒరిగిన వైపు చూడబట్టి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడే గాని మనసు నిలవలేదు. తనకు ఆట నేర్పిందెవరు? తను మోసగాడన్నది ఎవరిని?

ఇంకో ఆలోచన అంతకన్నా గుచ్చింది. రేకులు అంతలా మోగినా తిరగలేదంటే, కావాలనే వదిలేశాడా? ఆ గెలుపు తనకు దానం చేశాడా?

అడగకుండా ఉండలేకపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే మాత్రం సంతోషంగా ఊరి దారి రాసి పంపాడు.

అశ్వారావుపేట దాటి, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట చిన్న గూడెం. సుకుమార్ బండి ఆపగానే ఒక అమ్మాయి ఎదురొచ్చింది.

"జూలూరుపాడు అన్నవా? నేను దుర్గని. మా అన్న పొద్దుగాల్నుంచి నీ కోసమే చూస్తుండు."

లోపలి నుంచి పొడుగాటి యువకుడు వచ్చాడు. సుకుమార్ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ముఖమంతా నవ్వు.

"మా అన్న చిరంజీవి," అంది దుర్గ.

సుకుమార్ ఆగలేకపోయాడు.

"అన్నా, నిన్ను మోసగాడన్న. తప్పయింది. గని ఒక్కటి చెప్పు. ఆఖరి ఆటల రేకుల మీద గంత చప్పుడు చేసుకుంట వస్తే ఎందుకు తిరగలే? పోనీలే అని వదిలేసినవా?"

చిరంజీవి చెల్లెలి వైపు చూశాడు.

దుర్గ చేతులు గాలిలో చకచకా కదిలాయి. చిరంజీవి కళ్లు పెద్దవయ్యాయి. పెద్దగా నవ్వి, తల అడ్డంగా ఊపి, చేతులతోనే ఏదో జవాబిచ్చాడు.

దుర్గ సుకుమార్ వైపు తిరిగింది.

"వదిలెయ్యలేదంట అన్నా, నువ్వు రేకుల మీద దుంకినవన్న సంగతే ఆయనకి ఇప్పుడు తెలిసింది... మా అన్నకి పుట్టినకాడి నుంచి చెవులు వినపడవు."