ఏడో పేరు

బ్యాంకు మెసేజ్ వచ్చేసరికి ప్రిస్సిల్లా సిడ్నీలోని పారమట్టా స్టేషన్‌లో రైలు దిగుతోంది. తండ్రితో కలిపి ఉన్న జాయింట్ అకౌంటు స్తంభింపజేశారట. చదివి, ఫోను బ్యాగులో పెట్టుకుని, క్లాసుకి వెళ్లింది.

కారణం ఆ సాయంత్రం రూమ్మేట్ మంగళ న్యూస్‌లో చూసింది. ప్రిస్సిల్లా తండ్రి రాయప్ప ఆఫ్రికాలో ఒక చిన్న దేశంలో రోడ్ల కాంట్రాక్టరు. పోయిన డిసెంబరులో అక్కడి ప్రతిపక్ష నాయకురాలిని ఎన్నికల సభకి వెళ్తుండగా కాల్చి చంపారు. ఆమె డ్రైవరు కూడా చనిపోయాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాతో సహా నాలుగు దేశాలు ఏడుగురు అనుమానితుల ఆస్తులను స్తంభింపజేశాయి. ఏడో పేరు రాయప్పది. హంతకులకు బండి సమకూర్చాడని ఆరోపణ.

“ఏందే ఇది? మీ డాడీయేనా?” అంది మంగళ.

“ఆయనే.”

“మరి నీ యూనివర్సిటీ ఫీజు ఎట్లనే?”

“పని చేసుకుంటున్నాగా.”

నిజమే. నెల నుంచి ఒక వృద్ధుల హోమ్‌లో వీకెండ్ షిఫ్టులు చేస్తోంది. ఒక్కతే ఉండే స్టూడియో ఖాళీ చేసి మంగళ గదిలో చేరిందీ అప్పుడే. డబ్బున్న పిల్లకి ఇంత పిసినారితనమేమిటని మంగళ అప్పట్లో నవ్వుకుంది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సువర్ణకుమారి ఆంటీ రాయప్ప పేరు తీసెయ్యాలని ఒక పిటిషన్ పట్టుకొచ్చింది. ఆమెది భీమవరం. రాయప్పని చిన్నప్పటినుంచీ ఎరుగును.

“తల్లి లేని పిల్లని అన్నీ తనే అయ్యి పెంచాడు. అలాంటోడు మనిషిని చంపిస్తాడా? కాన్‌బెర్రాలో గవర్నమెంటుకి పంపుదాం. ఫస్ట్ నువ్వు సైన్ చెయ్యమ్మా. తర్వాత చర్చి మొత్తం చేస్తాం.”

“నేను చెయ్యలేను ఆంటీ.”

“భయపడకమ్మా, మేమంతా లేమూ?”

ప్రిస్సిల్లా పెన్ను తిరిగి ఇచ్చేసింది. పిల్ల షాక్‌లో ఉందని ఆంటీ అందరికీ చెప్పింది. చేపల పులుసు డబ్బాలో పోసి చేతికిచ్చి పంపింది.

ఇంటికి చేరిన కాసేపటికి రాయప్ప ఫోన్ చేశాడు.

“తిన్నావా అమ్మా?”

“తిన్నాను డాడీ.”

“ఇదంతా రాజకీయం. నెల రోజుల్లో తేలిపోద్ది. నీ చదువు మధ్యలో ఇబ్బంది తెచ్చిపెట్టాను. ఏమనుకోకు తల్లీ.”

“నువ్వే ఏమనుకోకు డాడీ.”

“నేనెందుకనుకుంటానురా, పిచ్చిపిల్లా!”

ఆమె ఫోను పెట్టేసి, బ్యాంకు మెసేజ్ వచ్చాక మొదటిసారి ఏడ్చింది. మంగళ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

డిసెంబరు సెలవులకి తండ్రి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఆ బండి గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం విని, సిడ్నీ తిరిగొచ్చిన మర్నాడే పోలీసులకు వాంగ్మూలం ఇచ్చింది ప్రిస్సిల్లానే.